అంటుకట్టేది దేనికి? దేన్ని?

సందేహం: సైన్స్ ఫెయిర్ చార్టు మీద ‘పాలిథిన్‌ను యాక్రిలిక్ ఆమ్లంలో ముంచి, రేడియేషన్‌తో అంటుకట్టి, ఫ్లోరైడ్ తీసే అయాన్ వినియోగ పొరలు తయారుచేస్తారు’ అని రాశాం. అంటుకట్టడం మొక్కలకే చెల్లుతుందని మా సార్ కొట్టేశారు. నిజమేనా? – ఒక విద్యార్థిని, అనంతపురం

సమాధానం: అంటుకట్టడం నిక్షేపంగా చెల్లుతుంది. చిక్కంతా విభక్తుల దగ్గర వచ్చింది.

మీ వైపు ‘జంబేరికి చీనీ అంటుకట్టారు’ అంటారు కదా. మొదలుకు, అంటే వేరున్న జంబేరి నిమ్మకు, ‘కు’ వస్తుంది; అంటు, అంటే పైన కట్టే చీనీ (బత్తాయి), ద్వితీయలో ఉంటుంది. అప్రాణివాచకం కనుక ‘ని’ జారిపోయింది. ఇక్కడ మొదలు పాలిథిన్, అంటు యాక్రిలిక్ ఆమ్లం. కాబట్టి ‘పాలిథిన్‌కు యాక్రిలిక్ ఆమ్లాన్ని అంటుకట్టి’ అనాలి.

‘రేడియేషన్‌తో’ ఇంకా ప్రమాదం. ‘తో’ సాధనాన్నీ చెబుతుంది, తోడునూ చెబుతుంది. రేడియేషనే ప్లాస్టిక్‌కు అంటుకుందేమోనని చదివినవాళ్లు జడుసుకుంటారు. కోబాల్ట్-60 గామా కిరణాలు పాలిథిన్ గొలుసు నుంచి హైడ్రోజన్‌ను ఊడగొడతాయి; అక్కడ ఫ్రీ రాడికల్, అంటే జతలేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన చోటు, ఏర్పడి, దాని మీద ఆమ్లపు గొలుసు పెరుగుతుంది. పొరలో రేడియోధార్మికత ఏమీ మిగలదు. ‘గామా కిరణాలు సోకించి’ అంటే పేచీ ఉండదు.

క్త్వార్థకాల (‘ముంచి’, ‘కట్టి’ లాంటి క్రియల) వరస కూడా చూసుకోండి. ‘ముంచి సోకించడం’ ఒక పద్ధతి, ‘సోకించి ముంచడం’ వేరే పద్ధతి. రెండోదాంట్లో గాలిలోనే కిరణాలు సోకించి, పొర మీద ఏర్పడిన పెరాక్సైడ్లను (ఆక్సిజన్ జంటగా చేరిన గుంపులను) తర్వాత ఆమ్ల ద్రావణంలో వేడిచేసి రాడికల్స్‌గా విడగొడతారు. మీరు రాసింది మొదటిది. దానికి ముందుగా నైట్రోజన్ పంపి ద్రావణంలోని ఆక్సిజన్‌ను తరిమెయ్యాలి, లేకుంటే రాడికల్స్‌ను అది కాజేస్తుంది. ఆమ్లం పొరకు అంటకుండా తనలో తానే గొలుసుకట్టి, ద్రావణం మొత్తం జిగురైపోయే బెడద కూడా ఉంది. అందుకే కొద్దిగా మోర్ లవణం, అంటే ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్, కలుపుతారు. అయినా ఏర్పడిన జిగురును వేడినీళ్లతో పోయేదాకా కడిగి, పొరను ఆరబెట్టాకే తూచాలి. ఆ జిగురు అంటు కింద లెక్కకు రాదు. 1.00 గ్రాము పొర 1.40 గ్రాములైతే ‘అంటు శాతం 40’ అని రాయండి. ‘పొరలో 40 శాతం అంటు ఉంది’ అంటే తప్పు, 1.40లో 0.40 అంటే సుమారు 28.6 శాతమే.

‘వినియోగం’ తీసేసి ‘వినిమయం’ పెట్టండి. క్షారంలో ఉంచి సోడియం రూపానికి తెచ్చిన పొర, సోడియాన్ని వదిలి నీళ్లలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. ఇచ్చిపుచ్చుకోవడమే తప్ప ఖర్చు లేదు.

ఇక ఫ్లోరైడ్. ఇది భాష సంగతి కాకపోయినా వదలలేను. యాక్రిలిక్ ఆమ్లపు పొర ధన అయాన్లనే మార్చుకుంటుంది, ఫ్లోరైడ్ ఋణ అయాన్. ఫ్లోరైడ్‌ను పట్టాలంటే పాలిథిన్‌కు గ్లైసిడిల్ మెథాక్రిలేట్ అనే వేరే రసాయనాన్ని అంటుకట్టి, ట్రైమిథైల్ అమీన్‌తో చర్య జరిపించిన పొర కావాలి. అదైనా నీళ్లలో సల్ఫేట్, క్లోరైడ్ ఉంటే ముందు వాటినే పట్టుకుంటుంది. ‘ఫ్లోరైడ్ తీసే’ అన్నది కొట్టేసి ‘కాల్షియం పట్టే’ అని రాయండి.