సెట్ మీద అరిచినట్టే తరగతిలో అరిచాను... ఉద్యోగం మానేయమంటారా?

ప్రశ్న: మాది విజయవాడ. హైదరాబాద్‌లో పదేళ్లు సినిమాలకు సహాయ దర్శకురాలిగా, అసోసియేట్‌గా పనిచేశాను. మావారి ఉద్యోగం కారణంగా కాలిఫోర్నియా వచ్చాం. వీసా వల్ల కొన్నేళ్లు ఇంట్లోనే ఉన్నాను. పాప పుట్టాక ఫిల్మ్ ప్రొడక్షన్‌లో ఎంఎఫ్ఏ (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) చేశాను. ఈ ఆగస్టులో ఒక కమ్యూనిటీ కాలేజీలో (హైస్కూలు తర్వాత రెండేళ్ల చదువు చెప్పే ప్రభుత్వ కాలేజీ) ఫిల్మ్ ప్రొడక్షన్ ప్రొఫెసర్‌గా పూర్తికాలపు ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు అక్టోబరు. నా క్లాసుల్లో మూడో వంతు మంది అప్పుడే మానేశారు. షూటింగుకు బాగా ఆలస్యంగా వచ్చిన ఒక విద్యార్థి మీద అందరి ముందూ ‘నువ్వు ఈ రంగానికి పనికిరావు’ అని గట్టిగా అరిచాను. అప్పటినుంచి అతను రావడం లేదు. పాఠాల తయారీతో రోజూ రాత్రి రెండు దాటుతోంది. వారంలో రెండు రోజులు సాయంత్రం క్లాసులు. అత్తగారు మా దగ్గరే ఉన్నారు. ‘జూనియర్ కాలేజీలో పాఠం చెప్పడానికి ఇంత హైరానా ఏమిటి’ అంటారు. మావారు ‘నీ జీతం లేకపోయినా మనకు గడుస్తుంది, డిసెంబరులో మానెయ్’ అంటున్నారు. ఇవి చాలవన్నట్టు మా కుటుంబ స్నేహితుల అబ్బాయి నా క్లాసులో చేరాడు. ఇంట్లో కంప్యూటర్ సైన్స్ అని చెప్పాడట. వాళ్లమ్మ మావారిని ఆరా తీస్తోంది. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి కడుపులో దేవినట్టు అవుతోంది. ఏం చేయాలో తోచడం లేదు.
– ఒక సోదరి, కాలిఫోర్నియా

సమాధానం: ముందుగా, మానేయాలా వద్దా అన్న ప్రశ్నను డిసెంబరులో మార్కులు అప్పగించి, వారం రోజులు సరిగ్గా నిద్రపోయేదాకా ముట్టుకోకండి. అక్టోబరు అర్ధరాత్రి తీసుకునే నిర్ణయాల మీద నాకు నమ్మకం లేదు. పైగా ఇలాంటి ఉద్యోగాల ఒప్పందం సాధారణంగా విద్యా సంవత్సరం మొత్తానికి ఉంటుంది. మధ్యలో వదిలితే ఏమవుతుందో మీ కాగితాలు చదివి తెలుసుకోండి. ఇంట్లో వాదనకు దిగేముందు చేయాల్సిన పని అది.

మీ ఉత్తరం చదువుతుంటే మీరు ఇంకా సెట్ మీదే ఉన్నారనిపించింది. అక్కడ ఒకరు ఆలస్యమైతే యూనిట్ మొత్తం ఎదురుచూస్తుంది, నిర్మాత డబ్బు కరిగిపోతుంది, కో-డైరెక్టర్ గొంతు లేస్తుంది. విడుదల తేదీ పడ్డాక ఎవరూ నిద్రపోరు. మధ్యలో వెళ్లిపోయినవాడు ఓడిపోయినవాడి కింద లెక్క. ఆ కొలతలతోనే మీరు తరగతిని, ఇంటిని, మిమ్మల్ని కొలుస్తున్నారు. అందుకే అన్ని చోట్లా తక్కువే కనిపిస్తోంది.

మానేసిన విద్యార్థుల సంగతే తీసుకోండి. మనకు అలవాటైన ఇంటర్, ఎంసెట్, ర్యాంకుల చదువులో మధ్యలో వదలడమంటే ఇంటిల్లిపాదీ తల దించుకోవడం. కమ్యూనిటీ కాలేజీ పుట్టుకే వేరు. కాలిఫోర్నియాలో అలాంటివి 116 ఉన్నాయి. ప్రవేశ పరీక్ష లేదు, ర్యాంకు లేదు. రాష్ట్రంలో నివసించేవారికి యూనిట్‌కు (అక్కడ కోర్సు పరిమాణాన్ని కొలిచే లెక్క) 46 డాలర్లు, అంటే మూడు యూనిట్ల కోర్సు 138 డాలర్లకు వస్తుంది. గోదాములో రాత్రి డ్యూటీ చేసి వచ్చేవారు, సైన్యం నుంచి తిరిగొచ్చినవారు, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చే తల్లులు, హైస్కూలు నిన్న ముగించినవారు ఒకే గదిలో కూర్చుంటారు. పని వేళలు మారినా, కారు చెడిపోయినా, అద్దె పెరిగినా ముందు వదిలేసేది మీ క్లాసునే. సెమిస్టర్ మొదటి వారాల్లో వదిలేస్తే రికార్డులో ఏమీ ఉండదు. ఆ తర్వాత నాలుగింట మూడు వంతుల కాలం గడిచేదాకా వదిలినా ‘డబ్ల్యూ’ (విత్‌డ్రా, అంటే వదిలేశారు) అని పడుతుంది తప్ప సగటు గ్రేడు తగ్గదు. వదిలి మళ్లీ రావడానికి వీలుగానే ఆ ఏర్పాటు చేశారు. మీ విభాగంలో పాతవారిని అడగండి, వాళ్ల క్లాసుల్లో ఎంతమంది మిగిలారో. ఆ సంఖ్య వింటే సగం బరువు దిగుతుందని నా అనుమానం.

అయితే మీరు అరిచిన ఆ అబ్బాయిని ఈ లెక్కలో కలిపేయకండి. అతను రాకపోవడానికి మీ మాట కారణం కావచ్చు, కాకపోవచ్చు. మీరు అన్న మాట మాత్రం మీదే. ఆలస్యానికి మందలించడం తప్పు కాదు. క్లాప్ కొట్టేవాడు రాకపోతే మిగిలిన నలుగురి మధ్యాహ్నం వృథా అవుతుందని అతనికి తెలియాల్సిందే. కానీ ‘ఈ రంగానికి పనికిరావు’ అన్నది మందలింపు కాదు, తీర్పు. జీతానికి పనిచేసే యూనిట్‌లో అలాంటి మాటలు మీరూ పడి ఉంటారు, దులిపేసుకుని ఉంటారు. ఇతను నేర్చుకోవడానికి డబ్బు కట్టి వచ్చాడు. తను పనికొస్తాడో లేదో అప్పటికే ఇంట్లో ఎవరో ఒకరు రోజూ అడుగుతూ ఉండవచ్చు.

అతనికి ఈరోజే మెయిల్ రాయండి. పొడవుగా వద్దు, మీ పదేళ్ల కష్టాలు అసలే వద్దు. ‘ఆ రోజు నేను అందరి ముందూ అన్న మాట అనకూడనిది, క్షమించు. ఆలస్యం గురించి మనం విడిగా మాట్లాడుకోవాలి. ఈ వారం నా ఆఫీసు సమయంలో వస్తే మిగిలిన పని ఎలా పూర్తి చేయవచ్చో చూద్దాం.’ ఇంత చాలు. జవాబు రాకపోతే వారం తర్వాత ఇంకొక్కసారి రాసి వదిలేయండి. తిండికో ఇంటికో ఇబ్బంది పడుతున్నాడని తెలిస్తే బేసిక్ నీడ్స్ సెంటర్‌కు పంపండి. 2021లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం ప్రతి క్యాంపస్‌లోనూ అలాంటిది ఉండాలి. అతని ఇంటి సమస్యలన్నీ మీరే తలకెత్తుకోనక్కర్లేదు, దారి చూపితే చాలు.

మిగిలిన క్లాసుకు కూడా ఒక మాట చెప్పండి, ఎందుకంటే అరుపు విన్నది వాళ్లందరూ. ఆ తర్వాత ప్రతి బృందం చేత ఒక కాగితం రాయించండి: కెమెరా మనిషి రాకపోతే ఆ పని ఎవరు చేస్తారు, సౌండ్ మనిషి రాకపోతే ఎవరు, ఎంతసేపు చూసి మొదలుపెడతారు. సామాను గది నుంచి లైట్లు తెచ్చాక ఈ ప్రశ్న వస్తే గొడవ, ముందే వస్తే పాఠం.

ఇక రాత్రి రెండు గంటల సంగతి. మొదటి సెమిస్టర్‌లో ప్రతి పాఠాన్నీ మీరే కొత్తగా కట్టాలని నియమం లేదు. మీరు చెప్పే ప్రతి కోర్సుకూ కాలేజీ ఆమోదించిన పాఠ్య ప్రణాళిక ఉంటుంది. మీకు ముందు ఆ కోర్సు చెప్పినవారి సిలబస్‌లు ఉంటాయి. అడిగి తీసుకోండి. అడిగితే చులకన అవుతానేమోనని ఆగకండి, ఆ వృత్తిలో అది మర్యాదే. ఐదు నిమిషాల లఘుచిత్రం అడిగిన చోట ఒక నిమిషం అభ్యాసం ఇవ్వండి. 180 డిగ్రీల నియమం (ఇద్దరు నటుల మధ్య ఊహించుకున్న గీతకు కెమెరా ఒకే వైపు ఉండాలన్నది) అర్థమైందో లేదో మూడు షాట్లలో తెలిసిపోతుంది. ఇంటికి మోసుకెళ్లి దిద్దే బదులు వీడియోలు తరగతిలోనే తెర మీద వేసి, అక్కడే నోట్సు రాసి గ్రేడు ఇవ్వండి. ఉద్యోగం శాశ్వతం అయ్యేదాకా అక్కడ సాధారణంగా నాలుగేళ్ల పరిశీలన ఉంటుంది, ఏటా కనీసం ఒకసారి మదింపు జరుగుతుంది. మీ క్లాసు చూడటానికి వచ్చే సహోద్యోగులు మొదటి ఏడాదే ఆరితేరిన అధ్యాపకురాలు కనిపించాలని ఆశించరు. ఏం మార్చుకున్నారో చూస్తారు. పైన చెప్పిన కాగితం సంగతి వాళ్లకు చెప్పడానికి పనికొస్తుంది.

అత్తగారి మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వడం లేదు, మీరూ ఇవ్వకండి. జూనియర్ కాలేజీ అన్నది అక్కడ కమ్యూనిటీ కాలేజీకి పాత పేరు. ఆ మాట వినగానే ఆవిడకు మన ఇంటర్మీడియెట్ గుర్తొస్తోంది, అంతే. జార్జ్ లూకాస్ మొడెస్టో జూనియర్ కాలేజీలోనూ, టామ్ హాంక్స్ హేవర్డ్‌లోని షాబో కాలేజీలోనూ చదివారని చెబితే ఆవిడ మనసు మారుతుందని కాదు, అవి విమానంలో తీసుకెళ్లి చుట్టాలకు చెప్పుకోవడానికి బాగుంటాయి. వీలైతే ఒకరోజు మీ క్లాసు స్టూడియో చూపించండి. ఈలోగా మీరు సాయంత్రం క్లాసులో ఉన్నప్పుడు పాపకు అన్నం పెట్టి పడుకోబెడుతున్నది ఆవిడేనని నా ఊహ. నిజమైతే ఆ సంగతి పైకి అని కృతజ్ఞత చెప్పండి.

అసలు గట్టిగా మాట్లాడాల్సింది మీవారితో. ఆయన మిమ్మల్ని కించపరుస్తున్నారని నాకు అనిపించడం లేదు. రోజూ కళ్ల ముందు నీరసించిపోతున్న భార్యను చూసి తనకు తోచిన పరిష్కారం చెబుతున్నారు. అయితే ఆ పరిష్కారంలో ఆయన మార్చుకోవాల్సింది ఏమీ లేదన్నది కూడా నిజం. వీసా వల్ల మీరు ఇంట్లో ఉన్న సంవత్సరాల్లో ఆ ఇల్లు మీరు ఉంటారన్న లెక్క మీదే అమరింది. పాపను స్కూలు నుంచి తేవడం, పళ్ల డాక్టరు, స్కూలు మెయిళ్లు, పుట్టినరోజు కానుకలు, ఇండియాకు ఫోన్లు, ఫ్రిజ్‌లో పెరుగు అయిపోయిందన్న ఎరుక... ఇవన్నీ మీ తలలో ఉన్నాయి. ఆగస్టులో మీకు ఉద్యోగం వచ్చింది కానీ ఇంట్లో ఎవరి పనీ మారలేదు. మీ అలసటలో సగం కాలేజీది కాదని నేను అనుకోవడానికి కారణం ఇదే.

రాత్రి పదకొండుకు, మీరు క్లాసు నుంచి వచ్చాక ఈ మాట ఎత్తకండి. శనివారం ఉదయం, పాప డాన్సు క్లాసులో ఉన్నప్పుడో ఎప్పుడో, ఇద్దరూ కూర్చుని ఆ పనులన్నీ కాగితం మీద రాయండి. ఆయన చేత రాయిస్తే ఇంకా మంచిది. అందులోంచి కొన్నింటిని ఆయన పూర్తిగా తీసుకోవాలి, మీరు గుర్తు చేయనక్కర్లేకుండా. స్కూలుకు సంబంధించినవన్నీ ఒక మూటగా ఆయనకు ఇస్తే మధ్యలో ఎవరిదో తెలియని పని మిగలదు. ఆయన మీలా చేయరు. చేయనివ్వండి. పాప జడ వంకరగా వేసుకుని స్కూలుకు వెళ్తే కొంపేమీ మునగదు. ‘నీ జీతం అవసరమా’ అన్న మాటకు డబ్బు లెక్కలతో జవాబు చెప్పకండి, ఆ లెక్కలో మీరు గెలవకపోవచ్చు. ‘ఈ పని నాకు కావాలి, ఈ సంవత్సరం పూర్తి చేసి చూస్తాను, అందుకు నువ్వు ఇవి తీసుకోవాలి’ అనండి.

ఇంకొకటి: అత్తగారు విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే ఆవిడ తిరుగు ప్రయాణం, మీ వసంత సెమిస్టర్ మొదలయ్యే రోజులు దగ్గర దగ్గరగా పడే అవకాశం ఉంది. మొదటి వారం క్లాసులు, ఖాళీ ఇల్లు ఒకేసారి మీద పడకుండా స్కూలు తర్వాత పాపను చూసుకునే ఏర్పాటు నవంబరులోనే చేసుకోండి. సాయంత్రం క్లాసులు రెండు రోజులకు బదులు ఒక్కరోజు చేయగలరా అని విభాగాధిపతిని అడగడానికి కూడా అదే సమయం. కుదరదని చెప్పవచ్చు, అడిగితే పోయేదేమీ లేదు.

ఆదివారం కడుపులో దేవడం కొన్ని వారాలుగా ఉంటే, పడుకున్నా నిద్ర పట్టకపోతే డాక్టరును కలవండి. చాలా కాలేజీల్లో ఉద్యోగులకు ఉచితంగా కొన్ని కౌన్సెలింగ్ సమావేశాలు ఉంటాయి, మీ హెచ్‌ఆర్ విభాగంలో అడగండి. నా ఉత్తరం దానికి ప్రత్యామ్నాయం కాదు.

ఇక ఆ స్నేహితుల అబ్బాయి. ఇక్కడ మీకు చట్టం అండగా ఉంది. విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డుల మీద హక్కు అతనిదే, వయసు పద్దెనిమిది లోపైనా సరే. అతను మీ క్లాసులో బాగా చేస్తున్నాడో లేదో అన్నదే కాదు, అసలు ఉన్నాడో లేడో కూడా మీరు వాళ్లమ్మకు చెప్పకూడదు. మీవారికి చెప్పడం కూడా అంతే. ఇప్పటికే చెప్పి ఉంటే ఇకమీదట ఆపండి, ఆయనకు కారణం వివరించండి. వాళ్లమ్మ మళ్లీ ఫోను చేస్తే ఆయన అనాల్సింది: ‘వదినా, విద్యార్థుల విషయాలు ఆవిడ ఇంట్లో కూడా మాట్లాడకూడదట, ఉద్యోగం పోతుంది. మీ అబ్బాయినే అడగండి.’ అబద్ధం చెప్పనక్కర్లేదు, ‘మా క్లాసులో లేడు’ అన్న మాట అసలే వద్దు. ఆ అబ్బాయితో మాత్రం ఒకసారి విడిగా మాట్లాడండి. అతని తరఫున మీరు అబద్ధం చెప్పరనీ, అతని సంగతి ఎవరికీ బయటపెట్టరనీ, ఇంట్లో చెప్పాల్సింది అతనేననీ తెలియాలి. కాలేజీ కౌన్సెలర్ దగ్గర కూర్చుంటే రెండు కోర్సులూ కలిపి ఏ యూనివర్సిటీకి ఎలా బదిలీ కావచ్చో కాగితం మీద వస్తుంది. ఆ కాగితం చేతిలో ఉంటే వాళ్లమ్మ ముందు కూర్చోవడం అతనికి కొంచెం తేలికవుతుంది. పండగకు వాళ్లింటికి భోజనానికి పిలిస్తే వెళ్లండి, సినిమాల గురించి ఎంతసేపైనా మాట్లాడండి, క్లాసు గురించి వద్దు.