నల్లరేగడిలో సూది ప్రోబు అంకెలు మారుతుంటే
సూది ప్రోబుతో (వేడిచేసే సూదిని మట్టిలో గుచ్చి, మట్టి వేడిని ఎంత బాగా పారనిస్తుందో, అంటే ఉష్ణవాహకతను, కొలిచే పరికరం) సిరొంచ చేలో ఒకే చోట పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం అందులో సగం వస్తోందన్నారు కదండీ. పరికరాన్ని తిట్టుకునే ముందు గ్లిజరిన్‌లో ముంచి చూడండి. గది వేడిమిలో ఉష్ణవాహకత సుమారు 0.28 వాట్లు (మీటరుకు, కెల్విన్‌కు) చూపితే ప్రోబు బాగున్నట్టే, తంటా నేలతోనే. రేగడి ఆరితే బిగుసుకుని పగులుతుంది, సూది చుట్టూ గాలి చేరుతుంది. నీటి ఉష్ణవాహకత 0.6, గాలిది 0.025 మాత్రమే. వెంట్రుకంత సందున్నా లెక్క తప్పుతుంది.

సూది మందానికి సరిపోయే రంధ్రం చేసి, కదపకుండా దించండి. మట్టి, సూది ఒకే వేడికి వచ్చేదాకా ఆగండి. తర్వాత సూదిని వేడిచేస్తూ, మొదటి కొన్ని సెకన్ల ఉష్ణోగ్రత రీడింగులు వదిలేసి, మిగతావాటిని కాలపు సహజ సంవర్గమానానికి (ln) ఎదురుగా గ్రాఫు గీయండి. గీత వంకరగా ఉంటే ఆ కొలత పారేయండి, సగటు తీయొద్దు.

మట్టి ఎంత వేడిని నిల్వ చేసుకుంటుందో తెలియడానికి ఒంటి సూది చాలదు, జంట సూదులు (ఒకటి వేడిచేసేది, రెండోది ఆ వేడిని కొలిచేది) కావాలి. లేవా? ప్రతి కొలత చోటా తెలిసిన ఘనపరిమాణంలో మట్టి తీసి, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తేమ తూచండి. ఘనపు మీటరు నీటికి డిగ్రీకి 4.18 మెగాజౌళ్లు, మట్టిలోని ఖనిజానికి సుమారు 2 చొప్పున, ఘనపరిమాణంలో వాటి వాటా బట్టి లెక్కగట్టి కలుపుకోవచ్చు.