కుట్ల దగ్గర చెమ్మ: పసుపు పెట్టకు చెల్లె

దేవరకొండ చెల్లె, కాన్పు ఆపరేషనై తొమ్మిది రోజులు, కుట్టు ఒక మూల చెమ్మగుంది, అత్తమ్మ పసుపు, కొబ్బరినూనె రాయమంటుంది అన్నవు కదా. రాయకు. వంటింటి పసుపుల క్రిములుంటయి, పైగా ఆ రంగు కింద ఎరుపెక్కినా కనబడదు. అత్తమ్మకు ఈ మాటే చెప్పు, కొట్లాట వద్దు.

పొట్ట మడత కింద చెమట నిలుస్తది, మన ఎండలల్ల మరీ. స్నానంల కుట్టును రుద్దకు, నీళ్లు జారనిస్తే చాలు. తర్వాత ఉతికిన మెత్తటి బట్టతో అద్ది, పడుకొని మడతను పైకి పట్టుకొని ఫ్యాన్ గాలికి కాసేపు ఆరనియ్యి. లంగా బొందు సరిగ్గా కుట్టు మీదనే ఒరుస్తది, కొన్నాళ్లు వదులు నైటీలే వేసుకో. దగ్గొస్తే దిండు అదుముకో. బిడ్డ కంటే బరువైంది ఎత్తకు, బిందెలు అసలే వద్దు. పత్తెమని గుడ్డు, పప్పు మానకు, గాయం మానాలంటే అవే కావాలె.

ఆరబెట్టినా రేపటికి చెమ్మ తగ్గకపోతే డాక్టర్‌కు చూపించు. చీము, వాసన, చుట్టూ ఎరుపు పాకుడు, కుట్టు విచ్చుకునుడు, 100.4 దాటిన జ్వరం, వీటిల ఏది కనబడ్డా ఆగొద్దు, అదే రోజు ఆపరేషన్ చేసిన దవాఖానకు పో. బండి దొరకకుంటే 108కు ఫోన్ చెయ్యి.