సిగరెట్ తాగేవాళ్ళు యాంటీబయాటిక్స్ ఎక్కువ వాడతారా?

మిగతావాళ్ళకంటే ఎక్కువ వాడతారా అని అడిగారు. వాడతారు. అనుమానముంటే గుంటూరు వచ్చి మా బావను చూడండి.

బావ మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. రోజూ సిగరెట్లు విడిగా కొనుక్కుని కాలుస్తూనే ఉంటాడు. చలికాలం వస్తే దగ్గు. ఏమన్నా అంటే "మిర్చి ఘాటు రా" అంటాడు. పక్క కొట్టు గుమాస్తా పీల్చేదీ అదే ఘాటు. ఆయనకు తుమ్ములే గానీ ఈ దగ్గు లేదు మరి.

ఒకసారి అమ్మ బీపీ మాత్రల కోసం ఇద్దరం మందుల షాపుకు వెళ్ళాం. బావ నోరు తెరిచి ఏమీ అడగలేదు, రెండుసార్లు దగ్గాడంతే. కుర్రాడు తలెత్తకుండానే "పాతదేనా బాబాయ్?" అంటూ అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్ తీసి, కత్తెరతో మూడు మాత్రలు కత్తిరించి ఇచ్చాడు. చీటీ లేకుండా వాడొద్దని స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉంటుంది, అది ముక్కైంది. ఎక్స్‌పైరీ తేదీ కుర్రాడి దగ్గరే ఉండిపోయింది. సిగరెట్ సంగతీ ఇంతే. పెట్టె మీద 85 శాతం హెచ్చరిక ఉండాలని రూలు పెట్టారు, విడిగా కొనేవాడికి ఆ బొమ్మ కనపడితే కదా! పొగాకు బోర్డు ఆఫీసున్న ఊళ్ళో ఈ మాటంటే పెళ్ళి భోజనాల్లో నా పక్కన ఎవరూ కూర్చోరు, అది వేరే సంగతి.

శ్వాస గొట్టాల్లో కఫాన్ని పైకి నెట్టే సన్నటి నూగు ఉంటుంది. పొగకు అది దెబ్బతిని కఫం లోపలే నిలిచిపోతుంది. అందుకే న్యుమోనియా లాంటివి వీళ్ళకే ఎక్కువ, అప్పుడు యాంటీబయాటిక్ తప్పదు. కానీ జలుబు తర్వాత పట్టుకునే దగ్గు చాలావరకు వైరస్‌దే. కఫం పచ్చగా వచ్చినంత మాత్రాన ఈ మాత్రలకు తగ్గదు. అయినా సిగరెట్ అలవాటుందని వినగానే కొందరు డాక్టర్ల పెన్ను అటే పోతుంది.

అక్క పోరు పడలేక బావ ఒక డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. ఆయన కఫం పరీక్ష రాసి, సిగరెట్ మానమన్నాడు. "ఫీజు తీసుకుని ఒక్క మాత్ర రాయలేదు, ఆయనేం డాక్టరు?" అని బావ ఇంకొకరి దగ్గరికి పోతే లీవోఫ్లాక్సాసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ రాశారు. నాకు ఒళ్ళు మండింది ఇక్కడే. అది టీబీ క్రిమిని కూడా కొంత అణుస్తుంది. నాలుగు రోజులు తగ్గినట్టుండి అసలు జబ్బు దాక్కుంటుంది. పొగతాగేవాళ్ళకు టీబీ ముప్పు మామూలుగానే ఎక్కువ. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు కఫం పరీక్ష చేయించాలి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం కూడా.

అక్క ఆ చీటీ లాక్కుని ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌కు తీసుకెళ్ళింది. టీబీ లేదన్నారు. గొట్టంలోకి గట్టిగా ఊదించి చూసి సీవోపీడీ, అంటే ఊపిరి గొట్టాలు పాడై ఇరుకైపోయే జబ్బు అని తేల్చి, ఇన్‌హేలర్ ఇచ్చారు. సిగరెట్టేమో కొట్టు ముందు నలుగురిలో కాలుస్తాడు, ఇన్‌హేలర్ పీల్చాలంటే మాత్రం గోదాములోకి పోయి తలుపేసుకుంటాడు. ఉబ్బసం అనుకుంటారట!