డి-డైమర్ పంపే ముందు రెండు చేతులూ పట్టి చూడు

అమ్మా,

రాత్రి డ్యూటీల్లో ఛాతీ నొప్పి కేసులు ఎక్కువగా వస్తున్నాయనీ, అయోర్టా (గుండె నుంచి ఒళ్లంతటికీ రక్తం మోసే పెద్ద ధమని) చీలిందో లేదో రక్తపరీక్షతో తేల్చుకోవచ్చా అనీ అడిగావు. చీలిందని ఏ రక్తపరీక్షా చెప్పదు. చీలలేదని మాత్రం, అదీ కొందరి విషయంలోనే, డి-డైమర్ అనే పరీక్ష చెప్పగలదు. ఆ కొందరు ఎవరో ముందే తేల్చుకోకుండా ట్యూబు ల్యాబుకి పంపావంటే, వచ్చిన అంకె నిన్ను ఎటు లాక్కుపోతుందో తెలీదు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

అయోర్టా గోడకు మూడు పొరలు. లోపలి పొర చీలితే రక్తం మధ్యపొరలోకి దూరి, దాన్ని నిలువునా చీల్చుకుంటూ పోయి ఇంకో దారి చేసుకుంటుంది. ఆ దొంగదారిలో రక్తం గడ్డకడుతుంది, కట్టిన గడ్డ మళ్లీ కరుగుతుంది. గడ్డలోని ఫైబ్రిన్ తెగినప్పుడు రాలే ముక్క పేరే డి-డైమర్. అంటే అది అయోర్టా గురించి నేరుగా ఏమీ చెప్పదు. ఒంట్లో ఎక్కడో గడ్డ కట్టి కరుగుతోందని చెబుతుంది, అంతే. న్యుమోనియా, క్యాన్సర్, కాలి సిరలో గడ్డ, ఊపిరితిత్తుల్లో గడ్డ, ఈమధ్యే అయిన ఆపరేషన్, నిండు గర్భం, అన్నింటిలోనూ పెరుగుతుంది. పెరిగిందని కంగారు పడి అందరినీ సీటీకి పంపితే సీటీ గది ముందు క్యూ పెరుగుతుంది తప్ప ఎవరికీ మేలు జరగదు.

కాబట్టి సూది తీసే ముందు మూడు విషయాలు చూడు. ఒకటి, మనిషి నేపథ్యం: మార్ఫాన్ లాంటి, ఒంట్లో అతుకు కణజాలాన్ని బలహీనపరిచే పుట్టుక జబ్బు, ఇంట్లో ఎవరికైనా అయోర్టా జబ్బు, ముందే తెలిసిన అయోర్టిక్ వాల్వు జబ్బు లేదా ఛాతీలో ఎన్యూరిజం (అయోర్టా ఉబ్బు), ఈమధ్య అయోర్టా మీద జరిగిన ఆపరేషన్. రెండు, నొప్పి తీరు: ఒక్కసారిగా మొదలైందా, మొదలైనప్పుడే భరించలేనంతగా ఉందా, గుడ్డ చింపినట్టుందని అంటున్నారా. మూడు, పరీక్షలో దొరికేవి: ఒక చేతి నాడి అందకపోవడం, రెండు చేతుల బీపీలో 20కి మించి తేడా, నొప్పితో పాటు కాలో చెయ్యో పడిపోవడం, కొత్తగా వినిపించే అయోర్టిక్ లీకు శబ్దం, బీపీ పడిపోవడం. ఒక్కో గుంపు నుంచి ఎన్ని దొరికినా ఒక మార్కే. మొత్తం సున్నా నుంచి మూడు.

రెండు గానీ మూడు గానీ వస్తే డి-డైమర్ జోలికి పోకు. నేరుగా సీటీ యాంజియో (రక్తనాళాల్లోకి రంగు మందు ఎక్కించి తీసే స్కాన్), మెడ దగ్గర నుంచి తొడ మొదలు దాకా. సున్నా గానీ ఒకటి గానీ వచ్చి, అయినా నీకు అనుమానం ఉంటే, అప్పుడు డి-డైమర్. మిల్లీలీటరుకు 500 నానోగ్రాముల లోపు వస్తే చీలిక లేదని చాలావరకు నమ్మవచ్చు. 2018లో వచ్చిన అడ్వైజ్డ్ అనే అధ్యయనంలో 1850 మందిని ఇలాగే చూశారు. మార్కు సున్నా గానీ ఒకటి గానీ ఉండి, డి-డైమర్ 500 లోపు ఉన్నవాళ్లు 924 మంది. వాళ్లలో జబ్బు ఉండీ తప్పిపోయినవాళ్లు ముగ్గురు. ఆ ముగ్గురు ఉన్నారని గుర్తుంచుకుని, ఇంటికి పంపేవాళ్లకు నొప్పి మళ్లీ వస్తే వెంటనే రమ్మని చీటీ మీద రాసి పంపు.

ఇక ఆ అంకె సంగతి. డి-డైమర్ కొలిచే యూనిట్లు రెండు రకాలు. 500 అన్నది ఎఫ్‌ఈయూ యూనిట్లలో. కొన్ని ల్యాబులు డీడీయూలో ఇస్తాయి, అది సుమారు సగం ఉంటుంది. రిపోర్టులో 280 అని ఉండి, పక్కన చిన్న అక్షరాల్లో డీడీయూ అని ఉంటే, అది దగ్గర దగ్గర 560 కింద లెక్క, అంటే పాజిటివ్. 280 చూసి నార్మల్ అనుకుని పంపేస్తే ఆ తప్పు పేషెంటు మీద పడుతుంది. మైక్రోగ్రాముల్లో ఇస్తే 0.5 హద్దు. డ్యూటీలో చేరిన మొదటి రోజే ల్యాబుకి వెళ్లి, ఏ యూనిట్లో ఇస్తున్నారో, ఏ పద్ధతిలో చేస్తున్నారో అడిగి గోడ మీద రాయించు. గాజుపలక మీద లేటెక్స్ కలిపి చూసే పాత పద్ధతి ఈ పనికి చాలదు, తక్కువ స్థాయిలను అది పట్టలేదు. అంకెతో సహా ఇచ్చే మెషీన్ పరీక్ష ఉండాలి.

ట్యూబు విషయంలో తప్పులు ఎక్కువగా జరుగుతాయి. నీలం మూత సిట్రేట్ ట్యూబు, గుర్తు దాకా రక్తం నిండాలి: 0.3 మిల్లీలీటర్ల సిట్రేట్‌కి 2.7 రక్తం, అంటే ఒకటికి తొమ్మిది. సగం నింపితే ద్రవం ఎక్కువై రక్తం పలచబడి అంకె తగ్గి వస్తుంది. మనకు భయం తప్పుగా తగ్గడమే, తప్పుగా పెరగడం కాదు. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీసినా ఇదే జరుగుతుంది, అవతలి చేతి నుంచి తియ్యి. తీయగానే మూడు నాలుగు సార్లు మెల్లగా తలకిందులు చెయ్యి, గట్టిగా ఊపకు. ట్యూబులో చిన్న గడ్డ కనిపించినా పారేసి మళ్లీ తియ్యి. వార్ఫరిన్ లాంటి, రక్తం గడ్డకట్టకుండా చూసే మందు వాడుతున్నవాళ్లలో డి-డైమర్ తక్కువగా వచ్చే వీలుంది, ఆ మాట అడిగి తెలుసుకో.

తక్కువ అంకె మోసం చేసే సందర్భాలు ఇంకొన్ని ఉన్నాయి. గోడలోనే రక్తం గడ్డకట్టి లోపలి పొర చీలని రకం ఉంది, ఇంట్రామ్యూరల్ హెమటోమా అంటారు. అందులో, దొంగదారి పూర్తిగా మూసుకుపోయినప్పుడు, చీలిక పొట్టిగా ఉన్నప్పుడు, వయసు తక్కువైనవాళ్లలో, నొప్పి మొదలై రోజులు గడిచాక వచ్చినవాళ్లలో అంకె 500 లోపే ఉండవచ్చు. ఇలాంటి చోట మనిషిని చూసి అనుమానం గట్టిగా ఉంటే అంకెను పక్కన పెట్టేయి.

ఇప్పుడు అసలు ప్రమాదం, ట్రోపోనిన్, అంటే గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే పదార్థం. గుండె దగ్గరి భాగంలో చీలిక, అంటే టైప్ ఏ, కుడి కరోనరీ (గుండెకే రక్తం ఇచ్చే నాళం) మొదలును నొక్కేస్తే ఈసీజీలో రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ లేస్తుంది, ట్రోపోనిన్ పెరుగుతుంది. చూడటానికి అచ్చం గుండెపోటే. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లోడింగ్ డోసు, హెపారిన్, ఆపైన గడ్డను కరిగించే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ పడిపోతే, చీలిన గోడ నుంచి రక్తం గుండె చుట్టూ సంచిలోకి కారే ప్రమాదం పెరుగుతుంది, ఆపరేషన్‌లో రక్తస్రావం ఆపడం గండమవుతుంది. అలాగని ప్రతి గుండెపోటుకీ డి-డైమర్ పంపి గంట ఆపమని కాదు. గుండెపోటే ఎక్కువ, చీలిక అరుదు. ఆ ఇంజెక్షన్ ఎక్కించే ముందు రెండు నిమిషాలు పడుతుంది: రెండు మణికట్ల నాడీ ఒకేసారి పట్టి చూడు, రెండు చేతులా బీపీ చూడు, స్టెర్నం ఎడమ అంచున స్టెతస్కోపు పెట్టి లీకు శబ్దం విను, "నొప్పి మొదలైన క్షణంలోనే ఎంత ఉంది?" అని అడుగు. తేడా కనిపిస్తే ఎకో పెట్టు. అయోర్టా మొదలు వాచి ఉందా, లోపల ఊగే పొర ఉందా, గుండె చుట్టూ నీరుందా చూడు. ఎక్స్‌రే మామూలుగా ఉందని ధైర్యం తెచ్చుకోకు.

చీలిక తేలాక కావలసిన రక్తపరీక్షలు వేరు. లాక్టేట్ (ప్రాణవాయువు చాలని కణాల్లో తయారయ్యే ఆమ్లం) ముఖ్యం, పేగులకో కాళ్లకో రక్తం అందడం లేదని చెప్పే సూచన. 2 మిల్లీమోల్స్ దాటితే ఆలోచించు, గంటా రెండు గంటల్లో మళ్లీ చెయ్యి, పెరుగుతోందా తగ్గుతోందా చూడు. కట్టు గట్టిగా బిగించి, ముడిచిన పిడికిలితో చాలాసేపు పట్టుకుని తీస్తే తప్పుగా పెరుగుతుంది. ట్యూబు బల్ల మీద వదిలేసినా అంతే, కణాలు గ్లూకోజ్ తింటూ లాక్టేట్ తయారు చేస్తూనే ఉంటాయి. బ్లడ్ గ్యాస్ మెషీన్ ఉంటే వెంటనే పెట్టు, లేకపోతే బూడిదరంగు మూత ట్యూబులో ఐస్ మీద పంపు. లాక్టేట్ మామూలుగా ఉన్నా కడుపు నొప్పి తీవ్రంగా ఉంటే పేగులు బాగున్నాయని అనుకోకు, అది కొన్నిసార్లు ఆలస్యంగా పెరుగుతుంది. క్రియాటినిన్ పంపు, కానీ దాని రిపోర్టు కోసం సీటీ ఆపకు. హిమోగ్లోబిన్, ప్లేట్లెట్లు, ఫైబ్రినోజెన్, గ్రూపు, క్రాస్ మ్యాచ్, ఇవన్నీ సీటీకి వెళ్తూ దారిలోనే వెళ్లిపోవాలి.

చికిత్స గురించి ఒక్క మాట: రెండు చేతుల్లో బీపీ ఎక్కువ ఉన్న చేతినే నమ్ము. ముందు గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్, తర్వాతే రక్తనాళాలు వ్యాకోచింపజేసే మందు, లేకపోతే గుండె పరుగెత్తి చీలిక ముందుకు సాగుతుంది.

ఎన్యూరిజం, అంటే చీలక ముందు ఉబ్బిన అయోర్టా, అది వేరే కథ. దాన్ని పట్టే, కొలిచే రక్తపరీక్ష ఇప్పటికి లేదు. ఎంఎంపీ-9, టీజీఎఫ్-బీటా, ఎలాస్టిన్ ముక్కలు, మైక్రో ఆర్ఎన్ఏలు లాంటి రక్తంలోని గుర్తులు పరిశోధనల్లో ఉన్నాయి, రోజూ పేషెంటు చేతికిచ్చే స్థాయికి రాలేదు. ఏటా ప్యాకేజీ పరీక్షలో డి-డైమర్ బాగుంది కదా, ఎకో ఎందుకని అడిగేవాళ్లకు ఓపిగ్గా చెప్పు: ఉబ్బు ఉన్నా చీలిక లేనప్పుడు ఆ అంకె పూర్తిగా మామూలుగా ఉండవచ్చు. సెంటీమీటర్లే లెక్క, ఎకో, సీటీ, ఎంఆర్ఐ.

వయసులో ఉన్న ఆడపిల్లకు ఒక చేతి నాడి అందకపోతే టకయాసు వాపు, అంటే అయోర్టా, దాని కొమ్మల గోడల వాపు, గుర్తు తెచ్చుకో, అరుదైనా మన దేశంలో కనిపించేదే. వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ పంపు, కానీ అవి నార్మల్‌గా ఉన్నా గోడలో జబ్బు సాగుతూ ఉండవచ్చు. వాపు తగ్గించే టోసిలిజుమాబ్ మీద ఉన్నవాళ్లలో సీఆర్‌పీని నమ్మనే వద్దు, మందు దాన్ని తొక్కేస్తుంది. పాతబడిన సిఫిలిస్ కూడా అయోర్టాను దెబ్బతీస్తుంది, అందులో వీడీఆర్ఎల్ అనే మామూలు పరీక్ష నెగటివ్ వచ్చినా టీపీహెచ్ఏ అనే ఇంకో పరీక్ష చేయించు.

అయోర్టా జబ్బు వంశంలో నడుస్తోందా అని చూసే జన్యు పరీక్షకు ఊదారంగు ఈడీటీఏ ట్యూబు. ముందు జబ్బున్న మనిషికే చెయ్యాలి. ఎఫ్‌బీఎన్1, టీజీఎఫ్‌బీఆర్1, టీజీఎఫ్‌బీఆర్2, ఎస్‌మ్యాడ్3, ఏసీటీఏ2, సీఓఎల్3ఏ1 వంటి జన్యువుల ప్యానెల్. మార్పు ఖాయంగా దొరికితే తోబుట్టువులకూ పిల్లలకూ ఆ ఒక్కదాన్నే వెతికితే చాలు. రిపోర్టులో అర్థం తేలని మార్పు అని వస్తే దాని ఆధారంగా ఇంట్లోవాళ్లకు చేయించకు, వాళ్లందరికీ ఎకో చేయించు. మాది మేనరికం కాదు, మాకెందుకు వస్తుందని అడుగుతారు. మార్ఫాన్‌కి ఒక్క తల్లి నుంచో తండ్రి నుంచో మార్పున్న జన్యువు ఒక్క ప్రతి చాలు, ప్రతి బిడ్డకూ సగం అవకాశం. సుమారు నాలుగోవంతు మందిలో ఇంట్లో ఎవరికీ లేకుండానే కొత్తగా పుడుతుంది.

పెద్దాసుపత్రికి పంపే కేసు అయితే ఉత్తరం పైన పెద్ద అక్షరాల్లో రాయాల్సినవి: నొప్పి మొదలైన టైము, రక్తం తీసిన టైము, డి-డైమర్ అంకె, దాని యూనిట్, రెండు చేతుల బీపీ, ఆస్పిరిన్ గానీ క్లోపిడోగ్రెల్ గానీ హెపారిన్ గానీ టెనెక్టెప్లేజ్ గానీ పడిందా, ఎంత, ఎన్ని గంటలకు. ఆఖరున చెప్పిన మందుల వివరం సర్జనుకి అన్నిటికన్నా ముఖ్యం. ప్లేట్లెట్లూ ప్లాస్మా సిద్ధం చేయించుకోవాలంటే ఆయనకు ఆ సమాచారం అంబులెన్స్ కంటే ముందే ఫోనులో అందాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న