చీపురు గడ్డి మట్టిలో గుగ్గిలం మొక్కలు పాలిపోతే: గుణుపూర్ తమ్ముడికి సమాధానం

తమ్ముడూ, కొండచీపురు కింది మట్టిలో గుగ్గిలం (సాల్ చెట్టు) మొక్కలు పాలిపోయాయనీ, అదే మట్టిని ఆవిరి పట్టి నింపిన కుండీల్లో ఏపుగా లేచాయనీ రాశావు. గడ్డి మట్టిలో విషముందా అని అడిగావు.

అంత తొందరపడకు. మట్టిని ఆవిరి పడితే సూక్ష్మజీవులు చచ్చి, వాటిలోని నత్రజని మొక్కకు అందుతుంది. నువ్వు చూసిన ఏపులో కొంత ఆ ఎరువుదే కావచ్చు. ఈసారి కుండీలన్నింటికీ ఆవిరి పట్టిన ఒకే మట్టి తొమ్మిది పాళ్లు వెయ్యి. పదో పాలు మాత్రమే మార్చు: కొన్నింట్లో గడ్డి కింది పచ్చి మట్టి, కొన్నింట్లో పెద్ద గుగ్గిలం మొదట్లోది, ఇంకొన్నింట్లో ఆ రెండూ ఆవిరి పట్టినవి. అప్పుడు పోషకాలు దాదాపు సమానం, తేడా వస్తే అది మట్టిలోని జీవాలదే.

ఆ పదో పాలు కోసం నాలుగు చోట్ల తెచ్చిన మట్టిని ఒకే గోతంలో కలపొద్దు, దయచేసి. కలిపితే ఎన్ని కుండీలు పెట్టినా ఒక్క నమూనా కిందే లెక్క.

నాకున్న అసలు అనుమానం వేరు. గుగ్గిలం వేళ్లకు కావలసినది ఎక్టోమైకోరైజా శిలీంధ్రం, అంటే వేళ్ల కొసలకు తొడుగులా పట్టి పోషకాలు అందించే బూజు లాంటి జీవి. గడ్డి వేళ్లకు తోడుండేది ఆర్బస్కులర్ రకం, అది తొడుగు వెయ్యకుండా వేరు కణాల్లోకి చొచ్చుకుపోతుంది. ఏళ్ల తరబడి గడ్డే ఉన్న చోట మొదటిది కరువై ఉంటుంది. ఒక మొక్క పీకి, వేళ్లు నీళ్లలో మెల్లగా కడిగి భూతద్దంతో కొసలు చూడు. కురచగా, లావుగా, నూగు లేకుండా, తొడుగు వేసినట్టుంటే శిలీంధ్రం పట్టినట్టే. సన్నగా, నూగుతో ఉంటే పట్టలేదు.

గుగ్గిలం గింజ రాలిన వారం పది రోజులకే మొలకశక్తి పోగొట్టుకుంటుంది. జూన్‌కి ముందే కుండీలు సిద్ధం చేసుకో.