సగం లేచిన హాలుకు గ్రాంటు వస్తుందా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: మీది నెల్లూరు జిల్లా వరికుంటపాడు మండలంలో రెండొందల గడప ఉన్న ఊరు. కుర్రకారంతా ఆదివారాలు శ్రమదానం చేసి, చదువుకోడానికి ఒక హాలు మొదలుపెట్టారు. గోడలు లింటెల్ (తలుపులు, కిటికీల పైన వచ్చే దిమ్మె) దాకా లేచాయి, చేతిలో డబ్బు అయిపోయింది. ఏదన్నా గ్రాంటు వస్తుందా, దానికి సొసైటీ పెట్టాలా అని.

వస్తుంది. మాకొచ్చింది. మాదీ ఉదయగిరి మెట్టే, మా హాలూ లింటెల్ దగ్గరే ఆగింది. మూడేళ్ళు ఆగింది. లోపల కంపచెట్లు మొలిచి, మధ్యాహ్నం పూట మేకలకు నీడయింది. ఎందుకాగిందో చెప్తే నీకు రెండేళ్ళన్నా కలిసొస్తాయి.

స్థలం మేం నోటిమాట మీద తీసుకున్నాం. రోడ్డు పక్కన మూడు సెంట్లు ఒక పెద్దాయన ఇచ్చాడు. రామాలయం అరుగు మీద కూర్చుని అందరూ వింటుండగా "కట్టుకోండయ్యా, నా పేరు కూడా వెయ్యబాకండి" అన్నాడు. అంత మంచిగా ఇచ్చే మనిషిని కాగితం అడిగితే బాగుండదని, వచ్చే ఆదివారమే ముగ్గు పోసేశాం. రెండేళ్ళకు ఆయన పోయాడు. ఈలోగా రోడ్డు వెడల్పయింది, సెంటు ధర ఎక్కడికో పోయింది. చిన్నకొడుకు బెంగళూరు నుంచి వచ్చి గోడలు చూసి, "మా నాయన వాడుకోమన్నాడు గానీ రాసియ్యలేదు గదన్నా" అన్నాడు. అతని మాటలో తప్పేముంది? రాసియ్యలేదు మరి.

ఎంపీ నిధులు గానీ, పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం నిధులు గానీ, ఒకరి సొంత పట్టా భూమి మీద పెట్టరు. అందుకని ముందు మీ స్థలం ఎవరి పేరున ఉందో అడంగల్ (ఊరి భూముల రికార్డు) తీసి చూడు. దాత ఇచ్చిందైతే ఆయన ఆరోగ్యంగా ఉండగానే పంచాయతీ పేరున గిఫ్ట్ డీడు రిజిస్టర్ చేయించు. కొడుకుల చేత, కూతుళ్ళ చేత కూడా సాక్షి సంతకాలు పెట్టించు, కూతుళ్ళను మర్చిపోబాకు. కొలత దగ్గర జాగ్రత్త: ఊళ్ళో మనం అంకణాల్లో మాట్లాడుకుంటాం, దస్తావేజులో చదరపు గజాలు పడతాయి. సర్వేయరు చేత హద్దులు వేయించి ఆ స్కెచ్చి జత చెయ్యి. పోరంబోకు, అంటే ప్రభుత్వ భూమి అయితే అది ఏ పోరంబోకో చూసుకో. గ్రామకంఠమైతే (ఊళ్ళో ఇళ్ళ కోసం ఉంచిన స్థలం) మాట్లాడుకోవచ్చు. వాగు, చెరువు అని ఉంటే మాత్రం ఇంకో చోటు వెతుక్కోవడమే.

మాకు ఆ గిఫ్ట్ డీడు కోసమే ఏడాదిన్నర పట్టింది. చివరికి ఆ అబ్బాయి మంచోడే, వాళ్ళమ్మ గట్టిగా ఒక మాట అంటే సంతకం పెట్టాడు.

రెండోది దీనికన్నా ముఖ్యం, నువ్వు ఇప్పుడు అక్కడే ఉన్నావు. చేసేసిన పనికి ప్రభుత్వం డబ్బు ఇవ్వదు. మేం బిల్లులన్నీ ఫైల్లో పెట్టుకుని, సిమెంటుకింత, ఇసుక ట్రాక్టర్లకింత అని లెక్కరాసి, "మాకైన ఖర్చు ఇప్పించండి" అని పోయాం. ఎంపీ నిధుల విషయంలో మాకు చూపించిన నిబంధన స్పష్టంగా ఉంది: పూర్తయిన పనికి గానీ, సగమైన పనికి గానీ అప్పటిదాకా పెట్టిన ఖర్చు తిరిగివ్వడం కుదరదు. పద్ధతి అట్టాంటిది. ముందు ఏఈ (ప్రభుత్వ అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చి చూసి ఎస్టిమేటు వెయ్యాలి, మంజూరు రావాలి, తర్వాత పని, పని నడుస్తుండగా కొలత, ఆ కొలత ఎం-బుక్కులో, అంటే ఇంజనీర్ల కొలతల పుస్తకంలో ఎక్కితేనే బిల్లు. ఎం-బుక్కులో లేని గోడ కళ్ళముందున్నా లేనట్టే.

ఆ ఏఈ మాత్రం మమ్మల్ని తిప్పి పంపలేదు. గోడ చుట్టూ ఒకసారి తిరిగి, "పునాది ఎంత లోతు తీశారు?" అన్నాడు. మావాళ్ళు తలా ఒకటి చెప్పారు. "భూమిలో ఉండేది నాకెట్టా కనపడుతుందండీ, నాలుగు మూలలా తవ్వి చూపించండి" అన్నాడు. ఆదివారం తవ్వాం. మూడు మూలలు బాగానే ఉన్నాయి. ఈశాన్యం మూల చూస్తే పునాది రాయి మోకాటి లోతు కూడా లేదు, కింద గట్టినేల రాకముందే ఆపేశాం. మొదట ఆ మూల పునాది తీసిన రోజు మా ఊళ్ళో పెళ్ళి. పెళ్ళిభోజనం గంట కొట్టగానే పలుగులు పడేసి వచ్చేసినట్టున్నాం. బేల్దారి మేస్త్రి ఆ మూల చూసి ఏమీ అనలేదు, తుండుగుడ్డ దులుపుకున్నాడంతే. అక్కడ అదనంగా ఒక పిల్లరు లేపాకే స్లాబు సంగతి మాట్లాడాడు ఏఈ. మంచిపని చేశాడు. స్లాబు పడ్డాక ఆ మూల కుంగితే లోపలుండేది మా పిల్లలే.

తర్వాత ఆయన చెప్పిన ఉపాయం మాకు దారి చూపించింది. లేచిన గోడలు ఊరి వాటా అని రాసుకోమన్నాడు. మిగిలిన దాన్ని వేరువేరు పనులుగా విడగొట్టమన్నాడు. స్లాబు, గచ్చు ఒక పని, ఎంపీ నిధులకు. మరుగుదొడ్లు ఒక పని, నీటి కనెక్షన్ ఒక పని, ఈ రెండూ పంచాయతీ నిధులకు. ఎందుకంటే అప్పటి 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో (2021-26) 60 శాతం ఇష్టమొచ్చినట్టు వాడేది కాదు. 30 శాతం తాగునీటికి, 30 శాతం పారిశుధ్యానికి కట్టేసి ఉంచారు. మిగతా 40 శాతం మీదే అందరి కళ్ళూ ఉండేవి. వీధి సీసీ రోడ్డు కావాలనే వాళ్ళ ముందు మా హాలు నిలబడేది కాదు. అదే మరుగుదొడ్లు అని అడిగితే, పారిశుధ్యం కింద పెట్టాల్సిన డబ్బు ఎట్టాగూ ఉండేది. కాకపోతే ఆ పని గ్రామసభలో తీర్మానమై, ఆ ఏడాది పంచాయతీ ప్రణాళికలో ఎక్కి ఉండాలి. సెక్రటరీని ముందే కలువు, ఇప్పటి గ్రాంటులో దేనికెంత కట్టేశారో కూడా అడుగు. సంవత్సరం మధ్యలో పోయి అడిగితే "వచ్చే ప్లానులో చూద్దాం" అంటాడు, ఆయన్ని తిట్టుకుని లాభం లేదు.

ఎంపీ నిధులంటే ఎంపీ జేబులోంచి ఇచ్చేవి కావు. ఒక్కొక్కరికి ఏటా 5 కోట్లు, ఆయన సిఫారసు చేస్తాడు, మంజూరు కలెక్టరాఫీసులో. లోక్‌సభ సభ్యుడి దగ్గర వరస పెద్దది. రాజ్యసభ సభ్యులు రాష్ట్రంలో ఏ ఊరికైనా సిఫారసు చెయ్యొచ్చు, ఆ సంగతి మన పల్లెల్లో చాలామందికి తెలీదు. ఏటా ఇచ్చే దాంట్లో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఉండే చోట్ల పెట్టాలి. మీ హాలు యానాదుల కాలనీ పక్కన ఉంటే, వాళ్ళ పిల్లలూ వాడుకుంటుంటే, ఆ మాట దరఖాస్తులో మొదటి పేరాలోనే రాయి. ఉత్తపుణ్యానికి రాయబాకు, నిజమైతేనే.

మా మొదటి దరఖాస్తు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నేనే రాశాను, నాలుగు పేజీలు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న దూబగుంట ఆడవాళ్ళు 1990ల మొదట్లో సారా మీద ఎట్టా తిరగబడ్డారో, చదువుకునే చోటు ఒకటుంటే ఊరికి ఎంత బలమో, అంతా రాశాను. వారానికి తిరిగొచ్చింది. మూలన పెన్సిల్‌తో ఒకే ముక్క: "ఎస్టిమేటు?" రెండోసారి ఒకటే పేజీ రాశాను, వెనక ఎస్టిమేటు, గిఫ్ట్ డీడు, తీర్మానం, నాలుగు ఫోటోలు. కదిలింది.

ఇక సొసైటీ. ప్రభుత్వ నిధుల కోసమే అయితే హడావిడిగా పెట్టక్కర్లేదు, పంచాయతీయే చాలు. కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే) డబ్బు కావాలంటే కథ వేరు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి, తమ చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలి. మన జిల్లాలో ఫ్యాక్టరీలు ఎక్కువగా కృష్ణపట్నం వైపు ఉన్నాయి, మనం ఈ కొండల కింద ఉన్నాం. అదొక చిక్కు. పైగా నిన్న పెట్టిన సొసైటీకి వాళ్ళు ఇవ్వలేరు: మూడేళ్ళ పని చూపించాలి, ఆదాయపు పన్ను వాళ్ళ దగ్గర 12ఏ, 80జీ అని పిలిచే పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు ఉండాలి, సీఎస్‌ఆర్-1 ఫారం నింపి నంబరు తెచ్చుకోవాలి. పదేళ్ళు నడపాలనుకుంటే మాత్రం సొసైటీ ఈ ఏడే పెట్టండి. ఏడుగురుంటే చాలు. ఏటా కమిటీ జాబితా దాఖలు చెయ్యడం మానబాకండి. మేం రెండేళ్ళు మానేసి జరిమానా కట్టాం.

ఇంకో గండం తప్పింది మాకు. మా ఊరి అబ్బాయి ఒకడు అమెరికాలో ఉన్నాడు, సొసైటీ ఖాతాకు డబ్బు పంపుతానన్నాడు. ఖాతా నంబరు పంపబోతుంటే ఆడిటరు ఆపాడు: "ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిది?" వాడు అక్కడి పౌరసత్వం తీసుకుని నాలుగేళ్ళయిందట. ఇండియా పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై మామూలుగా బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మారినవాడు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్ళకు ఇండియా ఇచ్చే కార్డు) ఉన్నా సరే, విదేశీ దాతే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా వాడి దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు. మన పల్లెల్లో ఇంటికొకరు బయట ఉన్న రోజులివి, పంపేవాడి పాస్‌పోర్టు ఏదో అడిగి తెలుసుకో. మొహమాటపడొద్దు.

మీ శ్రమదానం లెక్క రాస్తున్నారా? ఒక పొడుగు నోటుబుక్కు పెట్టి, తేదీ, ఎవరొచ్చారు, ఏం చేశారు, సంతకమో వేలిముద్రో. మాకది లేదు. జ్ఞాపకం మీద రాస్తే ఎవరూ నమ్మరు. జల్ జీవన్ మిషన్ లాంటి పథకాల్లో ఊరి వాటాను డబ్బుగానే కాదు, కూలిపనిగా కూడా చూపించొచ్చని తర్వాత తెలిసి తల పట్టుకున్నాం. గోడలకు నీళ్ళు పెట్టిందంతా డ్వాక్రా ఆడవాళ్ళు. ఇరవై ఒక్క రోజులు, పొద్దునా సాయంత్రం. ఫోటోల్లో ఒక్కరూ లేరు. ఫోటోలన్నిట్లో మేమే పారలు పట్టుకుని ఉన్నాం.

శిలాఫలకం గొడవ కూడా ముందే తేల్చుకోండి. ఎంపీ నిధులైతే ఆ బోర్డు ఉండక తప్పదు. దాని పక్కన దాత పేరు ఎంత సైజులో ఉండాలనే దాని మీద మాకు రెండు పంచాయితీలు జరిగాయి. "నా పేరు వెయ్యబాకండి" అన్న పెద్దాయన పేరే అది.

కాబట్టి ఈ ఆదివారం లింటెల్ మీద ఇంకో వరస పెట్టబాకండి. ఉన్నది ఉన్నట్టు నాలుగు వైపులా ఫోటోలు తీసి, గోడల పైన తడి దిగకుండా సిమెంటు పూత వేసి ఆపండి. సోమవారం అడంగల్, మంగళవారం ఏఈ దగ్గరికి. వెళ్ళేటప్పుడు మీ మేస్త్రిని కూడా తీసుకెళ్ళు, పునాది లోతు ఎంతో ఆయనకే తెలిసుంటుంది.